సాంబారు ఆయకట్టు

ఏడుచెరువులపాడులో చెరువుల్లేవు. ఉన్న రోజుల్లో ఊరికి ఆ పేరు పెట్టారు. తర్వాత ఒక చెరువు బస్టాండయింది, ఒకటి కల్యాణమండపమయింది, ఇంకొకటి లేక్ వ్యూ కాలనీ అయింది. అన్నిటికన్నా పెద్ద చెరువులో ద్రవ నిలవల పరిరక్షణ సంస్థవారి ప్రాంతీయ కార్యాలయం మూడంతస్తుల్లో లేచింది. వానాకాలంలో కార్యాలయం మెట్లమీదికి నీళ్లొచ్చినప్పుడల్లా, ఆ నీళ్లు ఎవరు వదులుతున్నారో పట్టుకోవడానికి సిబ్బంది ఊరంతా గాలించేవారు.

ఆ సంస్థకు రాజధాని నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. రికార్డుల్లో ఎన్ని చెరువులున్నాయో ఊళ్లోనూ అన్ని చెరువులూ ఉండి తీరాలి, వెంటనే గుర్తించి హద్దులు పాతాలి, తగ్గిన ప్రతి చెరువుకూ సంబంధిత అధికారిని అడవి ప్రాంతానికి బదిలీ చేస్తారు. చెరువంటే ఏమిటో కూడా అందులోనే దయతో వివరించారు: "నేలమీద గాని, నేలకు ఎత్తున గాని, ప్రకృతి వలన గాని, మానవ ప్రయత్నము వలన గాని, ఏడాది పొడుగునా ఎండకుండ ద్రవము నిలిచియుండు స్థలమే చెరువు." మొదట నీరు అనే రాశారట. కొన్ని చెరువుల్లో ఉన్నది నీరు కాదని కొందరు కోర్టుకెక్కడంతో ద్రవము అని దిద్దారు.

ఉప సంరక్షణాధికారి దక్షిణామూర్తి సిబ్బందిని వెంటేసుకుని ఊరి మీద పడ్డాడు. అపార్ట్‌మెంటు కోసం తవ్వి వదిలేసిన గొయ్యి ఒక చెరువుగా నమోదైంది. లారీలు కడిగే షెడ్డు వెనక మడుగు ఇంకొకటి. ఆసుపత్రి మేడమీద మూతలేని ట్యాంకు మరొకటి. ఇలా కిందా మీదా పడి ఆరు చెరువులు పోగుచేశాడు. ఏడోది మాత్రం ఎంత తిరిగినా దొరకలేదు. తిరిగి తిరిగి కాళ్లు లాగి, ఒక ఉదయం వరద విలాస్‌లో ఇడ్లీ తినడానికి కూర్చున్నాడు.

వరద విలాస్ పరాంకుశానిది. వాళ్ల నాన్న వరదాచార్యులు పెట్టిన శాకాహార హోటలు. కూలికెళ్లేవాడూ, కూలివాడి మీద కేసు వేయడానికి కోర్టుకెళ్లేవాడూ పక్కపక్కన కూర్చుని కడుపునిండా తినగలిగిన చోటు ఆ ఊళ్లో అదొక్కటే. ఇడ్లీకి డబ్బు తీసుకునేవారు గాని సాంబారుకు తీసుకునేవారు కాదు. ఎన్నిసార్లడిగితే అన్నిసార్లు పోసేవారు. వంటగది మధ్యలో ఒక మనిషి దిగి దాక్కోగలిగినంత పెద్ద గుండిగ ఉండేది. అందులో సాంబారు సగానికి దిగేలోపు వంట మాస్టరు సూరన్న ఇంకో వాయి పోసి తాలింపు పెట్టేవాడు. గల్లాపెట్టె దగ్గర పరాంకుశం భార్య అలివేలు కూర్చునేది. ఎవరికి ఇంకో గరిటె కావాలో ఆవిడ అక్కడినుంచే కనిపెట్టి కేకేసేది.

దక్షిణామూర్తి రెండిడ్లీ తినేలోపు అతని ప్లేటులో మూడుసార్లు సాంబారు పోశారు.

"ఈ సాంబారు అయిపోదా?" అనడిగాడు.

వడ్డించేవాడికి రోషం వచ్చింది. "మా హోటల్లో సాంబారు అయిపోవడమా! నేను చేరిన కాణ్నుంచీ ఆ గుండిగ అడుగు ఎలా ఉంటదో చూళ్లేదండి."

దక్షిణామూర్తి ఎంగిలిచేత్తోనే లేచి నిలబడ్డాడు. అతని ముఖంలో బదిలీ తప్పినవాడి కాంతి కనిపించింది.

మధ్యాహ్నం భోజనాల రద్దీలో మందీ మార్బలంతో తిరిగొచ్చాడు. ఒకడి చేతిలో అంకెలు వేసిన ఇనపకడ్డీ, ఇంకొకడి చేతిలో టేపు, వెనక హద్దురాళ్లు మోసే మనుషులు. అతను ఏళ్ల తరబడి ఫైళ్లు రాసీ రాసీ నోటితో కూడా అలాగే మాట్లాడేవాడు.

"పరాంకుశం గారూ, తమ హోటలు తనిఖీ చేయడమైనది. వంటగదిలోని ద్రవ నిలవను చెరువుగా గుర్తించడమైనది. ఇందుమూలంగా అభినందనలు తెలియజేయడమైనది."

పరాంకుశం అతని వైపూ, రాళ్లవైపూ మార్చి మార్చి చూశాడు. "అది సాంబారండీ."

"సాంబారు ద్రవమా, కాదా?"

"ద్రవమే."

"నిలిచియున్నదా?"

"పొయ్యిమీద నిలిచే ఉందండీ."

"ఏడాది పొడుగునా ఎండదు గదా?"

"ఎండితే నా పరువేం కావాలి?"

"యజమాని అంగీకరించినట్టు నమోదు చేయడమైనది," అన్నాడు దక్షిణామూర్తి పక్కవాడితో. "ఇకమీదట ఈ చెరువు చుట్టూ రక్షిత ప్రాంతము. ఇందులో ఎవరును గోడ కట్టరాదు. గోడ కూల్చరాదు. రోడ్డు వేయరాదు."

పరాంకుశం అప్పటికి చాలా రోజులుగా సరిగా నిద్రపోవడం లేదు. రోడ్ల వెడల్పు శాఖవాళ్లు వచ్చి హోటలు గోడమీద ఎర్రరంగుతో గుర్తు వేసి వెళ్లారు. వాళ్ల గీత వంటగది మధ్యలోంచి పోతోంది. ఇవాళో రేపో గోడ కూల్చే యంత్రం వస్తుందని ఊళ్లో అందరూ అనుకుంటున్నారు.

"రోడ్డు వేయరాదా?" అన్నాడు. "ఏ శాఖవారైనా?"

"ఏ శాఖవారైనను."

అలివేలు గల్లాపెట్టె దగ్గరినుంచి, "ఏమండీ, తొందరపడకండి. వీళ్లు ఇవాళ చెరువంటారు, రేపేమంటారో," అంది.

కానీ పరాంకుశం చెవికి అది ఎక్కలేదు. "రాసుకోండి సార్," అన్నాడు. "మాది చెరువే. మా నాన్నగారి కాలం నుంచీ చెరువే!"

నాలుగురోజులు తిరక్కుండానే యంత్రం వచ్చింది. గుమ్మం ముందు 'రక్షిత చెరువు — ఈత నిషిద్ధము' అన్న బోర్డు చూసి, డ్రైవరు కిందికి దిగి నమస్కారం పెట్టి, యంత్రాన్ని వెనక్కి తిప్పుకుని వెళ్లిపోయాడు. ఆ మధ్యాహ్నం పరాంకుశం తినడానికొచ్చిన ప్రతి ఒక్కరికీ తన చేత్తో పాయసం వడ్డించాడు. ఆ రాత్రి హాయిగా గురకపెట్టి నిద్రపోయాడు.

చెరువయ్యాక, చెరువుకుండవలసినవన్నీ ఒకటొకటిగా వచ్చాయి. గుండిగ లోపల అంకెల కడ్డీ బిగించారు. పైన ఎర్రగీత గీసి 'పూర్తి నిలవ మట్టం' అని రాశారు. సూరన్న గరిటెకు తూము అని పేరుపెట్టి గొలుసు తగిలించి తాళం వేశారు. దాన్ని తియ్యడానికి ఒక లష్కరును నియమించారు. కాలవలమీద తూములెత్తి దించే ఉద్యోగి అతను. స్టూలేసుకుని పొయ్యి పక్కన కూర్చుని, పైనుంచి ఫోనొస్తే ఈల వేసి గొలుసు విప్పేవాడు. గరిటె లేచినప్పుడల్లా హోటల్లో మైకు మోగేది: "సాంబారు విడుదలవుతున్నది. దిగువ బల్లలవారు అప్రమత్తముగా ఉండవలెను. పిల్లలను, పేపర్లను దూరముగా ఉంచుకొనవలెను."

ఈ కొత్త పద్ధతిలో మొట్టమొదటి విడుదలకు పెద్దలెవరైనా రావాలన్నారు. ముఖ్య అతిథి పొద్దున్నే వస్తానన్నాడు. వాయి మీద వాయి ఇడ్లీలు దించి, ప్లేట్లలో పెట్టి, జనమంతా చేతులు కడుక్కుని కూర్చున్నారు. అతిథి భోజనాల వేళకు వచ్చాడు. ఇడ్లీలు అప్పటికి చెక్కబొమ్మల్లా ఉన్నాయి. మంత్రాలు చదువుతుంటే అతిథి గుండిగకు హారతిచ్చి, చెరువుకిచ్చినట్టే సారె వదిలాడు. పసుపు చల్లినప్పుడు సూరన్న ఏమీ అనలేదు. కుంకుమ చల్లినప్పుడు కళ్లు మూసుకున్నాడు. రవికెలగుడ్డ జారవిడిచినప్పుడు మాత్రం భుజం మీది తువ్వాలు తీసి నోట్లో కుక్కుకుని పెరట్లోకి వెళ్లిపోయాడు.

"చూశావా అలివేలూ, మన సాంబారుకు ఎంత మర్యాదో!" అన్నాడు పరాంకుశం. అతని కళ్లు చెమర్చి ఉన్నాయి.

"ఆ రవికెలగుడ్డ రంగు పోయేదో కాదో చూశారా?" అంది అలివేలు.

చెరువుకు ఆయకట్టు ఉండాలి కాబట్టి, సాంబారు పారే బల్లలన్నిటినీ కొలిచి ఆయకట్టుగా ప్రకటించారు. తినేవాళ్లు ఆయకట్టుదారులయ్యారు. వాళ్లకొక సంఘం, సంఘానికి ఎన్నికలు వచ్చాయి. రోజూ పొద్దున్నే నాలుగిడ్లీ తిని ఆటో తీసే మస్తాను అధ్యక్షుడిగా గెలిచాడు. 'ప్రతి ఇడ్లీకీ తడి' అన్న వాగ్దానం మీద గెలిచాడు గాని, గెలిచాక అది తన చేతిలో లేదని తెలిసింది. వంతులవారీ పద్ధతి పెట్టారు. ఒకరోజు ఎగువ బల్లలకు, ఒకరోజు దిగువ బల్లలకు. ఎగువ బల్లలవాళ్లు పలుకుబడి ఉన్నవాళ్లు. రెండు రోజులూ వాళ్లే పోయించుకునేవారు.

అన్నిటికన్నా చివర, చేతులు కడుక్కునే చోటు పక్కన ఉన్న బల్ల కూరగాయలమ్మే సామ్రాజ్యానిది. ఆవిడ తెల్లారకముందే మార్కెట్టుకెళ్లి, సరుకు దించుకుని, వచ్చి ఒక వడా రెండిడ్లీ తిని వెళ్లేది. ఆవిడ బల్లదాకా సాంబారు రావడం మానేసింది.

ఒకరోజు వడను చేత్తో ఎత్తి అందరికీ చూపించింది. "సూడండయ్యా! పొద్దుట్నుంచీ ఎండిపోతంది నా వడ. ఎవురికైనా పట్టిందా? ఏంది మస్తానూ, ఓట్లకి మటుకు నా బల్లకాడికొచ్చి కూచున్నావే!"

మస్తాను తల గోక్కున్నాడు. "పిన్నీ, నేనేం చేసేది? పైన మట్టం తక్కువుందంట. లష్కరు ఈలెయ్యటల్లా."

"మట్టం తక్కువుండేదేంది, గుండిగ నిండా కుతకుతమంటంటే!"

విషయం దక్షిణామూర్తి దాకా వెళ్లింది. అతను వచ్చి సామ్రాజ్యం వడను నొక్కి చూసి, తేమ శాతం రాసుకున్నాడు. "చివరి ఆయకట్టువారు అధిక ద్రవము అవసరమగు ఇడ్లీ, వడలు వేసుకొనరాదు. ఆరుతడి ఫలహారములకు మళ్లవలెను. ఉప్మా, పెసరట్టు సిఫారసు చేయడమైనది."

"నాకు ఉప్మా పడదు బాబూ," అంది సామ్రాజ్యం.

"పడకపోవుటకు కారణము లిఖితపూర్వకముగా కోరడమైనది," అని దక్షిణామూర్తి వెళ్లిపోయాడు.

పరాంకుశానికి అది మనసులో గుచ్చుకుంది. ఆకలితో వచ్చిన మనిషిని ఎండువడతో పంపడం ఆ హోటలు పుట్టాక జరగలేదు. లష్కరు అటు తిరిగినప్పుడు ఒక లోటాతో సాంబారు ముంచి సామ్రాజ్యం ప్లేటులో పోశాడు. తన సాంబారు తను దొంగతనం చేసినందుకు లష్కరు ఈల వేసి పట్టుకున్నాడు. హెచ్చరించి వదిలారు. అయినా పరాంకుశం ఊరుకున్నాడు. గోడ నిలబడింది కదా, అదే పదివేలనుకున్నాడు.

తర్వాత పూడిక తీసేవాళ్లు వచ్చారు. చెరువు అడుగున చాలా పూడిక చేరిందనీ, దానివల్ల నిలవ సామర్థ్యం తగ్గిందనీ సర్వేలో తేలింది. కాంట్రాక్టరు మనుషులు పెద్ద జల్లెళ్లతో దిగి, గుండిగ అడుగునుంచి కందిపప్పంతా తీశారు. ములక్కాడలు, గుమ్మడిముక్కలు, చిన్న ఉల్లిపాయలు నీటి ప్రవాహానికి అడ్డు తగులుతున్నాయని అవీ ఏరేశారు. పూడికమట్టి పొలాలకు మంచిదని ట్రాక్టర్లకెత్తి రైతులకు ఉచితంగా పంచారు. మిగిలిన సాంబారులో గరిటె వేస్తే గుండిగ అడుగు కనబడింది.

"సామర్థ్యం బాగా పెరిగినది," అన్నాడు దక్షిణామూర్తి తొంగిచూసి.

సూరన్న జీవితంలో మొదటిసారి యజమాని ముందు గొంతు పెంచాడు. "అయ్యగారూ, నన్ను మానిపించేయండి. ఇది నేను చేశానని ఎవరితోనూ చెప్పకండి."

పరాంకుశం అతని చెయ్యి పట్టుకున్నాడు. "ఈ ఒక్కసారికి ఓర్చుకో సూరన్నా. ఇంతకన్నా ఇంకేం చేస్తారు?"

ఇంకా చేసేవాళ్లు మర్నాడే వచ్చారు. గుమ్మం ముందు వ్యాను ఆగింది. మత్స్యాభివృద్ధి పర్యవేక్షకుడని చెప్పుకున్న ఒక కుర్ర ఉద్యోగి, గాలి నింపిన ప్లాస్టిక్ సంచులు రెండు చేతులా పట్టుకుని హుషారుగా లోపలికొచ్చాడు. సంచుల్లో చేపపిల్లలు మిలమిలలాడుతున్నాయి.

"గుర్తించిన ప్రతి చెరువులోనూ వదులుతున్నామండీ. మీ వాటాకు బొచ్చె, శీలావతి వచ్చాయి. ఎటువైపు రేవు?"

పరాంకుశం ఎదురొచ్చాడు. "బాబూ, ఇది శాకాహార హోటలు."

"చెరువు శాకాహారమా, మాంసాహారమా అన్న వివరం మా దగ్గర ఉండదండీ."

"పొయ్యిమీద మరుగుతోంది నాయనా! అందులో వేస్తే అవేమవుతాయి?"

"బతికేవి కొంచెం తక్కువే ఉండొచ్చండీ," అని ఒప్పుకున్నాడు కుర్రవాడు. "అది తర్వాత లెక్కేసే విభాగం వేరే ఉంది. వదలడం వరకే నాది."

పరాంకుశం వెళ్లి గుండిగకు అడ్డంగా నిలబడ్డాడు. సూరన్న మూత తెచ్చి మూసి, దానిమీద రెండు చేతులూ ఆనించి, కాలుతున్నా తీయలేదు. లష్కరు ఎవరి పక్షం ఉండాలో తెలియక ఈల నోట్లో పెట్టుకుని ఊదకుండా కూర్చున్నాడు. తింటున్నవాళ్లంతా ఎంగిలిచేతుల్తో వంటగది గుమ్మంలో మూగారు.

"సామీ, నువ్వు జరగమాక," అన్నాడు మస్తాను. "నేను వారానికి నాలుగుసార్లు చేపలు తింటా. కానీ ఈ సాంబార్లో ఒక్క పొలుసు పడిందా, నా ఆటో తెచ్చి ఈ వ్యానుకడ్డం పెట్టేస్తా."

"చేపలు మా ఇంటికాడ ఒండుకుంటాం," అంది సామ్రాజ్యం. "ఈడికొచ్చేది ఇడ్లీకి. ఆమాత్రం తెలవదా మీ ఆఫీసోళ్లకి?"

కుర్రవాడు చెమట తుడుచుకుని, సంచి ముడి విప్పడం మొదలుపెట్టాడు. అప్పుడు అలివేలు గల్లాపెట్టె మూసి లేచి వచ్చింది.

"ఏం బాబూ, మంచినీళ్ల చెరువులో కూడా చేపలు వదులుతారా?"

"అబ్బే, లేదమ్మా. జనం తాగే చెరువైతే వదలకూడదు. కఠినంగా నిషేధం."

"అయితే మా చెరువు తాగేదే," అంది అలివేలు. "మస్తానూ, గ్లాసందుకో."

మస్తాను గ్లాసుతో ముంచుకుని, పప్పులేని ఆ పలచటి సాంబారును ఊదుకుంటూ గటగటా తాగేశాడు. సామ్రాజ్యం తాగింది. కోర్టు గుమాస్తాలు తాగారు. వరసకట్టి అందరూ తాగారు. నోరు కాలి కళ్లలో నీళ్లు తిరుగుతున్నా తాగారు. కబురందుకుని పరుగెత్తుకొచ్చిన దక్షిణామూర్తికి కూడా ఒక గ్లాసిచ్చారు.

"తాగడమైనది," అన్నాడతను మూతి తుడుచుకుని. "సాగునీటి చెరువును తాగునీటి చెరువుగా మార్చడమైనది."

కుర్రవాడు సంచుల ముడి బిగించుకుని, ఆసుపత్రి మేడమీది చెరువు ఎటువైపో కనుక్కుని వెళ్లిపోయాడు. హోటల్లో చప్పట్లు మోగాయి. సూరన్న బొబ్బలెక్కిన చేతులకు అలివేలు వెన్న రాసింది. పరాంకుశం అందరి ముందూ భార్యకు చేతులెత్తి నమస్కరించాడు. ఆవిడ సిగ్గుపడి గల్లాపెట్టె దగ్గరికి వెళ్లిపోయింది.

ఆ సంతోషం ఎక్కువకాలం నిలవలేదు. తాగునీటి చెరువుగా ప్రకటించిన దేన్నైనా ఊరి కుళాయిలకు కలపాలన్న నిబంధన ఇంకెక్కడో ఉంది. వంటగది గోడకు కన్నం పెట్టి గొట్టం దించారు. మోటారు బిగించారు.

పొద్దున్నే వీధివీధినా ఆడవాళ్లు బిందెలతో నిలబడ్డారు. కుళాయి దగ్గింది, తుమ్మింది, ఆపైన గోధుమరంగు ధార పడింది. రంగు చూసి ఎవరూ అనుమానించలేదు. ఆ ఊళ్లో కుళాయి నీళ్లెప్పుడూ ఆ రంగే. బిందెలో కరివేపాకు తేలినప్పుడు మాత్రం కొందరు ఆగి వాసన చూశారు. అప్పటికే చాలామంది స్నానాలు చేసేసి, తాలింపు వాసనతో బడులకూ ఆఫీసులకూ బయల్దేరారు. సాయంత్రానికి ఫిర్యాదులు వెల్లువెత్తాయి. నీళ్లకు బదులు సాంబారు ఎందుకొచ్చిందని అడిగినవాళ్లు తక్కువ. తమ వీధికి ప్రెషర్ సరిగా రాలేదన్నవాళ్లు ఎక్కువ. ఉప్పు తగ్గిందని లేక్ వ్యూ కాలనీవాళ్లు ధర్నా చేశారు.

తాగునీటి భద్రత కోసం సిబ్బంది రోజూ వచ్చి గుండిగలో బ్లీచింగ్ పొడి కలపసాగారు. మొదటిరోజు వాళ్లు వెళ్లాక పరాంకుశం ఒక గరిటెడు తీసుకుని రుచి చూశాడు. ఎప్పుడో చిన్నతనంలో, వాళ్ల నాన్న అరచేతిలో పోసి నాకించి "ఉప్పు సరిపోయిందా చెప్పు" అని అడిగేవాడు. తల ఊపేదాకా వడ్డన మొదలయ్యేది కాదు. ఇప్పుడు నాలుకమీద ఆసుపత్రి వాసన తగిలింది. పరాంకుశం పొయ్యిగట్టు మీద కూలబడి, వడ్డించేవాళ్లు చూస్తున్నారని కూడా చూడకుండా కన్నీళ్లు పెట్టుకున్నాడు.

అలివేలు పక్కన కూర్చుంది. "గోడ నిలబెట్టుకున్నాం. గోడ లోపలిది పోగొట్టుకున్నాం. ఇంక చాలండీ."

తిన్నగా దక్షిణామూర్తి దగ్గరికి వెళ్లి, "సార్, మాది చెరువు కాదు. హోటలు. పేరు కొట్టేయండి," అన్నాడు పరాంకుశం.

దక్షిణామూర్తి కళ్లజోడు సవరించుకున్నాడు. "తమ తండ్రిగారి కాలము నుంచీ చెరువేనని తమరే సెలవిచ్చియున్నారు."

"భయంతో అన్నానండీ. రోడ్డువాళ్లు కూల్చేస్తారని."

"భయముతో చెప్పినను, చెరువు చెరువే. ఇప్పుడు మరియొక అంశము ఉత్పన్నమగుచున్నది. చెరువు గర్భములో తమరు బల్లలు వేసి, పొయ్యి వెలిగించి, సంసారము సైతం చేయుచున్నారు. ఇది దేని కిందకు వచ్చును?"

"నా హోటలండీ అది!"

"రెండే అవకాశములు. తమరు ఆక్రమణదారులైనచో జైలు. ముంపు వలన ఇల్లు కోల్పోయిన నిర్వాసితులైనచో ప్రత్యామ్నాయ స్థలము. ఏది రాసుకొనవలెనో సెలవివ్వండి."

పరాంకుశం కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాడు. "నిర్వాసితుణ్ణి," అన్నాడు. ఆ మాట నోట్లోంచి వచ్చాక, ఎందుకో, గుండెల మీంచి గుండిగ దించినట్టు అనిపించింది.

పరాంకుశం, అలివేలు గిన్నెలూ రుబ్బురోలూ మస్తాను ఆటోలో వేసుకుని వెళ్లిపోయారు. సూరన్నా, వడ్డించేవాళ్లూ వెనకే నడిచారు. గుండిగ చెరువు కాబట్టి కదిలించడానికి వీల్లేదన్నారు. దాన్నీ లష్కరునూ అక్కడే వదిలేశారు. వాళ్లు వెళ్లాక నాలుగురోజుల్లో సాంబారు అడుగంటింది. దక్షిణామూర్తి కడ్డీ చూసి, పైకి నివేదిక పంపాడు: ఎగువన వానలు లేనందున చెరువులోకి ద్రవ ప్రవాహము తగ్గినది, వర్షములు పడిన పిమ్మట నిండునని ఆశించడమైనది. లష్కరు మాత్రం రోజూ వచ్చి, ఎండిన గుండిగ పక్కన స్టూలు మీద కూర్చుని ఆకాశం వైపు చూసేవాడు.

నిర్వాసితులకిచ్చిన స్థలం ఊరవతల, రాళ్లూ తుమ్మచెట్లూ తప్ప మరేమీ లేని దిబ్బ మీద ఉంది. అక్కడ రేకులషెడ్డు వేసి, రెండు బల్లలు పడేసి పొయ్యి వెలిగించారు. బోర్డు పెట్టలేదు. పేరు పెడితే ఎవరైనా చదువుతారని పరాంకుశం భయం. ద్రవం అన్న మాట వింటేనే అతనికి ఒళ్లు గగుర్పొడిచేది. అందుకని సాంబారు మాటే ఎత్తలేదు. అలివేలు కొబ్బరీ వేయించిన శనగపప్పూ వేసి, చెంచా నిలబడేంత గట్టిగా చట్నీ రుబ్బింది. ఎండుమిరపకాయలూ కందిపప్పూ వేయించి పొడి కొట్టింది. కాఫీ కూడా నిలవ ఉంచేవాళ్లు కాదు. అడిగినవాడికి అడిగినప్పుడే కాచి, తాగి గ్లాసు కింద పెట్టేదాకా పక్కనే నిలబడేవాళ్లు.

మొదటిరోజు సామ్రాజ్యం ఒక్కతే వచ్చింది. పొడిలో నెయ్యి కలుపుకుని ఇడ్లీ అద్దుకుని తిని, ఇంకో ప్లేటు చెప్పింది. మర్నాడు మస్తాను ఆటో నిండా జనాన్ని తెచ్చాడు. కోర్టు గుమాస్తాలు వచ్చారు. కూలికెళ్లేవాళ్లు సైకిళ్ల మీద దిబ్బ ఎక్కి వచ్చారు. బల్లలు చాలక రాళ్లమీద కూర్చుని తిన్నారు. ఎగువా లేదు, దిగువా లేదు. సూరన్న ఇడ్లీపాత్ర మూత తీసి ఆవిరి ముఖానికి కొట్టించుకుని పాట పాడాడు. అతను పాడతాడని పరాంకుశానికి అప్పటిదాకా తెలియదు.

ఒక ఆదివారం దక్షిణామూర్తి వచ్చాడు. వెంట సిబ్బంది లేరు, టేపు లేదు, చేతిలో ఒక కూరగాయల సంచి మాత్రం ఉంది. ఎండకు ముఖం వాడిపోయి ఉంది. అతన్ని చూడగానే పరాంకుశం చేతి గ్లాసులోని కాఫీని గభాలున తనే తాగేశాడు. మస్తాను లేచి నిలబడ్డాడు.

దక్షిణామూర్తి చివర ఉన్న రాయి మీద కూర్చుని ఇడ్లీ చెప్పాడు. అలివేలే తెచ్చి ముందు పెట్టింది. అతను ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుని నమిలాడు. కళ్లు మూసుకున్నాడు. తర్వాత చుట్టూ చూసి, గొంతు తగ్గించి, మామూలు మనిషిలా అడిగాడు:

"అమ్మా, కొంచెం సాంబారు పోయిస్తారా?"

షెడ్డులో అందరి చేతులూ ప్లేట్లమీద ఆగిపోయాయి. అలివేలు పొడిడబ్బా అతని ముందుకు జరిపింది.

"ఇది మెట్ట ప్రాంతం నాయనా," అంది. "పొడి కలుపుకో."